కృష్ణకు ఇవతలి ఒడ్డు నుంచి సిమ్లా సంస్కరణలు

వాడపల్లిలో మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోట నిలబడి దక్షిణానికి చూస్తే ఏటికి ఆవల పల్నాడు కనిపిస్తుంది. ఇప్పుడు వంతెన మీద బస్సులో రెండు నిమిషాల దారి. 1909లో అవతలి ఒడ్డు మద్రాసు ప్రెసిడెన్సీలోని గుంటూరు జిల్లా, ఇవతలి ఒడ్డు నిజాం ప్రభువు ఏలుబడిలోని నల్లగొండ జిల్లా. మా నాయనమ్మ పుట్టిల్లు అవతల దాచేపల్లి వైపు ఒక పల్లె. అత్తగారిల్లు ఇవతల మిర్యాలగూడ తాలూకాలో ఉండేది. నేను కాలేజీలో చదివే రోజుల్లో ఆమె ఒకసారి మాటల మధ్యలో, "మా నాయనకు ఓటుండేది. పడవ దాటి ఈడికొచ్చినంక ఓటనే మాటే ఇనలే" అన్నది. ఆ మాటను అప్పుడు పట్టించుకోలేదు. ఎన్నో ఏళ్ల తర్వాత, బ్రిటిషు ఇండియా శాసన మండళ్లను పెంచిన 1909 నాటి మార్లీ, మింటో సంస్కరణల కాలపు ప్రభుత్వ పత్రాలను వరుసగా చదవడం మొదలుపెట్టినప్పుడు అది మళ్లీ గుర్తుకొచ్చింది. రెండు శీతాకాలాలుగా నేను చదువుతున్నవన్నీ ఒక రకంగా ఆమె మాటకు అర్థం వెతుక్కోవడమే.

1906 ఆగస్టులో వైస్రాయ్ లార్డ్ మింటో తన కార్యనిర్వాహక మండలిలోంచే నలుగురితో ఒక సంఘం వేశాడు. దానికి సర్ అరండెల్ అరండెల్ అధ్యక్షుడు. సర్ డెంజిల్ ఇబ్బెట్సన్, బేకర్, ఎర్ల్ రిచర్డ్స్ సభ్యులు. హెర్బర్ట్ రిస్లీ కార్యదర్శి. శాసన మండళ్లను ఏ మేరకు పెంచవచ్చో, వాటిలో ఎవరికి చోటివ్వాలో, బడ్జెట్ మీద సభ్యులను ఎంతవరకు మాట్లాడనివ్వాలో తేల్చడం వారి పని. ఇబ్బెట్సన్, రిస్లీ ఇద్దరూ అంతకుముందు జనాభా లెక్కల్లో, కుల వివరాల సేకరణలో పేరు పొందిన అధికారులు. ఈ సంగతి నాకు చాలా ముఖ్యమనిపించింది. దేశంలోని జనాన్ని కులాలుగా, మతాలుగా, వృత్తులుగా విడదీసి పట్టికల్లోకి ఎక్కించిన చేతులే ఆ జనానికి మండలిలో ఎన్ని కుర్చీలు వేయాలో కూడా నిర్ణయించాయి.

వేసవిలో భారత ప్రభుత్వం నడిచే సిమ్లా సచివాలయంలో ఆలోచన నోట్ల మీద సాగేది. ఒక అధికారి తన అభిప్రాయాన్ని నోటుగా రాస్తే, ఆ కింద ఇంకొకరు తన ఆమోదమో ఆక్షేపణో రాసి పొడి అక్షరాలతో సంతకం చేసేవారు. దస్త్రం బల్ల నుంచి బల్లకు నడిచేది. ఆ దస్త్రాల్లో పదే పదే ఎదురయ్యే మాటలు రెండు: వర్గాలు, ప్రయోజనాలు. భూస్వాముల ప్రయోజనం, వర్తకుల ప్రయోజనం, తేయాకు తోటల యజమానుల ప్రయోజనం, విశ్వవిద్యాలయాల ప్రయోజనం, మహమ్మదీయుల ప్రయోజనం. మనిషి అన్న మాట, ఒక్కడిగా తనకు తానే లెక్కలోకి వచ్చే మనిషి, ఆ కాగితాల్లో దాదాపు ఎక్కడా లేడు.

ఈ పద్ధతి మింటోతో మొదలైంది కాదు. 1892 నాటి కౌన్సిళ్ల చట్టంలో ఎన్నిక అన్న మాటే పడకుండా జాగ్రత్తపడ్డారు. మునిసిపాలిటీలు, జిల్లా బోర్డులు, విశ్వవిద్యాలయాలు, వర్తక సంఘాలు పేర్లు సిఫారసు చేస్తే ప్రభుత్వం ఆ పేర్లను నామినేట్ చేసేది. జరిగింది ఎన్నికే అయినా కాగితం మీద అది సిఫారసు. అప్పటి పాలకుల వాదాన్ని న్యాయంగానే చెప్పాలంటే, ఇంత పెద్ద దేశంలో, ఇన్ని భాషల మధ్య, చదువురాని కోట్ల జనం మధ్య తలల లెక్కన ప్రాతినిధ్యం ఇస్తే నోరున్న పట్టణపు వకీళ్లు తప్ప ఎవరూ మండలికి రారని వారి భయం. ఆ భయంలో కొంత నిజం లేకపోలేదు. కాని దానికి వారు కనిపెట్టిన విరుగుడు జనానికి నోరివ్వడం దిశగా పోలేదు. జనం తరఫున మాట్లాడే పెద్దమనుషులు ఎవరో తామే గుర్తించి పిలవడం దగ్గరే అది ఆగిపోయింది.

1907 ఆగస్టు 24న రాష్ట్ర ప్రభుత్వాలన్నింటికీ సిమ్లా నుంచి ఒక సుదీర్ఘమైన సర్క్యులర్ వెళ్లింది. మా ఒడ్డున ఉన్నవారికి ఆ సర్క్యులర్‌లో ఏమైనా ఉందా అని వెతికితే ఒక్క చోట దొరుకుతుంది. దేశం మొత్తానికి ఒక సలహా మండలి పెడదామని అందులో ప్రతిపాదించారు. దాదాపు 60 మంది సభ్యులు. అందులో 20 మంది సంస్థానాధీశులు, మిగిలినవారు పెద్ద భూస్వాములు. వారికి చట్టం చేసే అధికారం లేదు. ప్రభుత్వం అడిగినప్పుడు అంతరంగంగా సలహా చెప్పడమే వారి పని. ఈ ప్రతిపాదన మరుసటి ఏడాదికే మూలన పడింది. అయినా సంస్థానాల ప్రజల గురించి సామ్రాజ్యం ఏమనుకున్నదో ఈ ఒక్క ప్రతిపాదనలో తేటగా తెలుస్తుంది. హైదరాబాదు రాజ్యంలో కోటిమందికి పైగా ఉన్నారు, వారికి ప్రతినిధి నిజాం. ఆయన మాట్లాడితే వారందరూ మాట్లాడినట్టే. మా ముత్తాత పేరు సామ్రాజ్యపు లెక్కల్లోకి రావాలంటే నిజాం పేరు వెనుక నిలబడి రావాల్సిందే తప్ప మరో దారి లేదు.

ఇక్కడ రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూడాలనిపిస్తుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదు నగరాన్ని ముంచింది, వేలమంది కొట్టుకుపోయారు. ఆ నీరు నల్లగొండ జిల్లా మీదుగానే దిగివచ్చి వాడపల్లి దగ్గర కృష్ణలో పడింది. ఆ వరదకు మూడు రోజుల తర్వాత, అక్టోబరు 1న, భారత ప్రభుత్వం సంస్కరణల మీద తన తుది ప్రతిపాదనలను లండన్‌లోని భారత వ్యవహారాల మంత్రి జాన్ మార్లీకి పంపింది. ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదని నాకు తెలుసు. కాని ఆ ప్రతిపాదనల పత్రం చదివిన రాత్రి నా మనసు పదే పదే మూసీ ఒడ్డుకే పోయింది. ఆ వారం ఇక్కడ శవాలను లెక్కపెట్టుకుంటున్న జనానికి తమ ఏలికను ఒక ప్రశ్న అడగగల చోటు ఏదీ లేదు, సిమ్లాలో సిద్ధమవుతున్న కొత్త చట్టంలోనూ అది లేదు.

మార్లీ జవాబు 1908 నవంబరు 27న వచ్చింది. ఆ జవాబులోని ఒక భాగాన్ని దగ్గరగా చూడాలి, ఎందుకంటే ఆనాటి ఆలోచన ఎలా నడిచిందో ఇంకెక్కడా అంత స్పష్టంగా కనిపించదు. ఒక రాష్ట్రంలో 2 కోట్ల మంది ఉన్నారనుకుందాం, అంటాడు మార్లీ. అందులో కోటీ 50 లక్షల మంది హిందువులు, 50 లక్షల మంది ముస్లింలు. ఎన్నుకోవాల్సిన సభ్యులు 12 మంది. నిష్పత్తి మూడుకు ఒకటి గనుక 9 మంది హిందువులు, ముగ్గురు ముస్లింలు రావాలి. రాష్ట్రాన్ని మూడు ప్రాంతాలుగా విడదీసి, ఒక్కో ప్రాంతం నుంచి ముగ్గురు హిందువులు, ఒక ముస్లిం వచ్చేట్టు ఏర్పాటు చేయాలి. ప్రతి ప్రాంతంలోనూ 100 మందితో ఒక ఎన్నికల బృందం ఉండాలి. అందులో 75 మంది హిందువులు, 25 మంది ముస్లింలు. ఆ 100 మందిని భూస్వాములు, స్థానిక బోర్డుల సభ్యులు మొదలైన వర్గాలవారు ఎన్నుకుంటారు. ఆ 100 మందీ కలిసి సభ్యులను ఎన్నుకుంటారు.

ఈ లెక్కను మొదట చదివినప్పుడు నాకు మార్లీ మీద కొంత గౌరవం కలిగింది. ఉదారవాది అయిన ఆయన, రెండు మతాలవారు ఒకే బృందంలో కూర్చొని ఒకరి ప్రతినిధిని ఒకరు ఎన్నుకోవాలని కోరుకున్నాడు. అలా అయితే హిందూ అభ్యర్థికి ముస్లిం ఓటు, ముస్లిం అభ్యర్థికి హిందూ ఓటు అవసరమవుతాయి. ముస్లిం లీగ్ దీనిని తీవ్రంగా వ్యతిరేకించింది, భారత ప్రభుత్వానికీ ఇది నచ్చలేదు. చివరికి మార్లీ తన పథకాన్ని వదులుకున్నాడు. ముస్లింలకు విడి నియోజకవర్గాలు, అంటే ముస్లిం సభ్యుణ్ణి ముస్లింలే ఎన్నుకునేవి, 1909 చట్టం కింద చేసిన నిబంధనల్లో చేరాయి. అదే మార్లీ 1908 డిసెంబరు 17న ప్రభువుల సభలో, ఈ సంస్కరణలు భారతదేశంలో పార్లమెంటరీ పద్ధతికి దారితీస్తాయనే పక్షంలో తనకు వీటితో ఏ సంబంధమూ ఉండేది కాదని తేల్చి చెప్పాడు. కేంద్ర మండలిలో అధికారుల మెజారిటీ శాశ్వతంగా ఉండి తీరాలని మింటో కంటే గట్టిగా పట్టుబట్టినవాడు కూడా మార్లీయే. లండన్‌లోని ఉదారవాది బిగించాలన్న చోట సిమ్లాలోని సంప్రదాయవాది కొంత సడలించవచ్చన్నాడు. మనిషి వెనుక ఉన్న పార్టీ పేరును బట్టి అతని మనసును ఊహించకూడదని ఈ కాగితాలు నాకు నేర్పాయి.

చివరికి వచ్చిందేమిటంటే, కేంద్ర శాసన మండలిలో అదనపు సభ్యుల సంఖ్య గరిష్ఠంగా 60కి పెరిగింది, ఎన్నికయ్యేవారు 27 మంది, మెజారిటీ అధికారులదే. రాష్ట్ర మండళ్లలో అనధికారులకు, అంటే ప్రభుత్వోద్యోగులు కానివారికి, మెజారిటీ ఇచ్చారు. అయితే అనధికారుల్లో ప్రభుత్వం నామినేట్ చేసినవారు కూడా ఉండేవారు కాబట్టి ఆ మెజారిటీ చాలా చోట్ల పేరుకే. సత్యేంద్ర ప్రసన్న సిన్హా వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో చేరిన మొదటి భారతీయుడయ్యాడు. దానికి రాజు ఏడవ ఎడ్వర్డ్ ఇష్టం లేకుండానే ఒప్పుకున్నాడు.

ఇక నన్ను అన్నింటికంటే ఎక్కువగా ఆపిన విషయానికి వస్తాను. 1906 అక్టోబరు 1న ఆగా ఖాన్ నాయకత్వంలో 35 మంది ముస్లిం ప్రముఖులు సిమ్లాలో మింటోను కలిసి సమర్పించిన వినతిపత్రం విడి నియోజకవర్గాల కథకు మొదలు. సంఖ్యను మాత్రమే చూడవద్దని, తమ సమాజపు రాజకీయ ప్రాముఖ్యాన్ని, సామ్రాజ్య రక్షణకు చేసిన సేవను కూడా లెక్కలోకి తీసుకోవాలని అందులో కోరారు. ఆ ప్రయత్నాన్ని నడిపించినవారు మొహ్సినుల్ ముల్క్. వినతిపత్రం రాసినవారు ఇమాదుల్ ముల్క్ సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ. ఈ ఇద్దరూ హైదరాబాదు కొలువులో పేరు తెచ్చుకున్నవారే. నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ ఉత్తరాది నుంచి పిలిపించుకున్న సమర్థులైన అధికారుల్లో వీరు ముందు వరసలోనివారు. మొహ్సినుల్ ముల్క్ 1874లో వచ్చి రెవెన్యూ శాఖలో పని చేసి 1893లో వెళ్లిపోయారు. భూముల సర్వే, శిస్తు నిర్ణయించే బందోబస్తు పనుల్లో ఆయన చేయి ఉంది. బిల్‌గ్రామీ 1873లో వచ్చి విద్యాశాఖను దశాబ్దాల పాటు నడిపారు. 1891లో ఆయన ప్రారంభించిన ఆసఫియా గ్రంథాలయమే నేటి రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. 1907లో భారత వ్యవహారాల మంత్రికి సలహా చెప్పే లండన్‌లోని ఇండియా కౌన్సిల్‌లో మార్లీ నియమించిన ఇద్దరు భారతీయుల్లో బిల్‌గ్రామీ ఒకరు, కృష్ణగోవింద గుప్తా ఇంకొకరు.

అంటే బ్రిటిషు ఇండియా భవిష్యత్తు మీద జరిగిన ఆ చర్చలో హైదరాబాదు అనుభవం బల్ల దగ్గరే ఉంది. దాన్ని మోసుకొచ్చింది దర్బారులో మెలిగిన అధికారులు. మా ఊళ్లలో శిస్తు కట్టే రైతుకు, వెట్టి చేసేవాడికి అక్కడ చోటు లేదు. నేను బిల్‌గ్రామీ గారిని నిందించడానికి ఇది రాయడం లేదు. ఆయన పెట్టిన గ్రంథాలయంలో కూర్చొని చదువుకున్నవాణ్ణి నేను, ఆ ఋణం నాకు తెలుసు. కాని సంఖ్య కంటే ప్రాముఖ్యం ముఖ్యమన్న సూత్రం ఆయనకు కొత్తగా తట్టింది కాదనీ, తాను మూడు దశాబ్దాలు పని చేసిన రాజ్యంలో పాలన నడిచిన తీరే అదనీ నేను నమ్ముతున్నాను. హైదరాబాదులో 1893 నుంచే ఒక శాసన మండలి ఉంది. అందులో అధికారులదే మెజారిటీ. అనధికారులకు ఉన్న కొద్ది స్థానాలకు ప్రతినిధులను పంపగలిగిన వర్గాలు జాగీర్దార్లు, హైకోర్టు వకీళ్లు. రైతుకు, చేతివృత్తివాడికి అక్కడ పీట లేదు.

అవతలి ఒడ్డున మాత్రం కాలం కదిలింది. 1917 ఆగస్టు 20న అప్పటి భారత వ్యవహారాల మంత్రి మాంటేగూ చేసిన ప్రకటనలో బాధ్యతాయుత ప్రభుత్వం అన్న మాట మొదటిసారి అధికారికంగా వినిపించింది. 1919 చట్టం ప్రకారం 1920లో మద్రాసులో ఎన్నికలు జరిగాయి. ఓటు ఆస్తి ఉన్నవారికే, జనాభాలో నూటికి ముగ్గురికి మించి లేదు. మా నాయనమ్మ తండ్రి పట్టా రైతు, శిస్తు కట్టేవాడు. ఆ కొద్దిమందిలో ఆయన ఒకడు. 1921లో మద్రాసు మండలి స్త్రీలకు కూడా అదే ఆస్తి అర్హతతో ఓటు ఇచ్చింది. ఇవతలి ఒడ్డున అదే 1921 నవంబరులో, హైదరాబాదు వివేకవర్ధనిలో జరిగిన సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే గేలి చేసి కూర్చోబెట్టారు. ఓటు సంగతి అటుంచి, తన భాషలో నోరు విప్పే హక్కు కోసమే ఇక్కడ సంఘం పెట్టుకోవాల్సి వచ్చింది. ఆంధ్ర జనసంఘం పుట్టింది ఆ అవమానంలోంచే. రెండు ఒడ్ల మధ్య దూరం ఎంతో ఈ ఒక్క ఏడాదిని చూస్తే తెలుస్తుంది.

సంస్థానాల వైపు సామ్రాజ్యం ఇచ్చింది 1921 ఫిబ్రవరిలో ప్రారంభమైన నరేంద్ర మండలి, సంస్థానాధీశుల సలహా సభ. నిజాం అందులో చేరలేదు. 1935 చట్టంలో బ్రిటిషు ఇండియా రాష్ట్రాలనూ సంస్థానాలనూ కలిపే సమాఖ్య పథకం వచ్చినప్పుడు హైదరాబాదుకు సమాఖ్య శాసనసభలో 16 స్థానాలు, రాజ్యసభలాంటి ఎగువ సభలో 5 స్థానాలు కేటాయించారు. 1931 జనాభా లెక్కల ప్రకారం రాజ్యంలో 1,44,36,148 మంది ఉన్నారు. ఆ 16 మందినీ, ఆ 5గురినీ నియమించేది నిజామే. 1907 సర్క్యులర్‌లో కనిపించిన ఆలోచనే 28 ఏళ్ల తర్వాత కూడా మారకుండా నిలిచింది. సమాఖ్య అమలులోకి రాకుండానే పోయింది, కనుక ఆ కుర్చీల్లో ఎవరూ కూర్చోలేదు.

దక్షిణ తెలంగాణలో ఈ విషయం గడపల్లోకి వచ్చింది ఆ ఆంధ్ర జనసంఘం నుంచి ఎదిగిన ఆంధ్ర మహాసభల ద్వారా. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన మొదటి సభ, మరుసటి ఏడాది మన దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావు గారి అధ్యక్షతన రెండో సభ జరిగాయి. ఇద్దరూ పాలమూరు జిల్లావారే. సభ పెట్టుకోవాలంటే ముందుగా సర్కారు అనుమతి కావాలి, రాజకీయాలు మాట్లాడకూడదు. అందుచేత తొలి సభల తీర్మానాలు బడులు, గ్రంథాలయాలు, వెట్టి, సాంఘిక దురాచారాలు లాంటి విషయాల చుట్టూ తిరిగాయి. కాని వెట్టి గురించి మాట్లాడటం మొదలుపెట్టినవాడు, వెట్టిని ఆపగల చట్టం ఎవరు చేస్తారన్న ప్రశ్న దగ్గరికి తప్పకుండా చేరుతాడు.

ఆ ప్రశ్నకు నిజాం ప్రభుత్వం ఇచ్చిన జవాబు అరవముదు అయ్యంగార్ సంఘం. 1937లో నియమించిన ఈ సంఘం 1938లో నివేదిక ఇచ్చింది; 1939 జులైలో సంస్కరణలు ప్రకటించారు. ఈ మధ్యలో, 1938లో, హైదరాబాదు స్టేట్ కాంగ్రెస్‌ను పుట్టకముందే నిషేధించారు. సంస్కరణల పథకంలో శాసనసభకు 85 మంది సభ్యులు, అందులో ఎన్నికయ్యేవారు 42 మంది. ఆ 42 మందిని ప్రాంతాల వారీ నియోజకవర్గాల నుంచి ఎన్నుకోరు, వృత్తుల నుంచి ఎన్నుకుంటారు. రాజ్యంలోపలి చిన్న సంస్థానాలు, జాగీర్దార్లకు 4, వ్యవసాయానికి 16, వర్తకానికి 2, బ్యాంకింగుకు 2, పరిశ్రమలకు 2, కార్మికులకు 2, వకీళ్లకు 2, వైద్యులకు 2, పట్టభద్రులకు 2, ఇలా సాగుతుంది పట్టిక. హిందువులకు, ముస్లింలకు స్థానాలు సరిసమానం. మంత్రివర్గం సభకు జవాబుదారీ కాదు. పాలకుడు తన వ్యక్తిత్వంలోనే ప్రజలందరికీ నేరుగా ప్రాతినిధ్యం వహిస్తాడు కనుక, వచ్చిపోయే ప్రతినిధుల కంటే ఆ బంధమే సహజమైనదన్నది దీని వెనుక చెప్పిన సిద్ధాంతం.

ఈ పట్టికను నేను ఒక కాగితం మీద రాసుకొని, మార్లీ 1908 నాటి లెక్క పక్కన పెట్టి చాలాసేపు చూశాను. అధికారి బల్ల దగ్గర కూర్చొని సమాజాన్ని గదులుగా విభజించి, ఏ గదికి ఎన్ని కుర్చీలో తానే రాసుకునే పద్ధతి సిమ్లా నుంచి హైదరాబాదుకు వచ్చి చేరింది. రెండు మతాలవారూ కలిసి ఓటు వేసే ఉమ్మడి పద్ధతి పెట్టడంలో హైదరాబాదు పథకం మార్లీ ఆశయానికి దగ్గరగా వచ్చిందని కూడా ఒప్పుకోవాలి. కాని మార్లీ కనీసం జనాభా నిష్పత్తితో మొదలుపెట్టాడు. ఇక్కడ అది కూడా లేదు. పొలం మీదే బతికే రాజ్యంలో పొలానికి 85లో 16 స్థానాలు. ఒక్కో గదిలోకి వెళ్లాలంటే పట్టానో, సనదో, డిగ్రీనో, లైసెన్సో చూపించాలి. మా తాత సాగు చేసిన భూమి దొర పట్టాలో ఉండేది. కౌలు నోటి మాట మీద నడిచింది. పంట పంచుకున్న గుర్తు తప్ప కాగితం లేదు. కాగితంలో లేని కౌలుదారు ఏ గదిలోకీ చేరడు.

స్థానాల సమానత గురించి కూడా ఒక మాట చెప్పాలి. దీన్ని మతాల మధ్య పంపకంగా చూసి కోపగించుకునేవారిని నేను చాలామందిని కలిశాను. 1940లో, అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో, విసునూరు దేశ్‌ముఖ్ మీద కోర్టుల్లో పోరాడిన షేక్ బందగీ అనే పేద ముస్లిం రైతు హత్యకు గురయ్యాడు. సభలో సగం స్థానాలు ముస్లింలకు ఉన్నాయన్న మాట బందగీని ఏ విధంగానూ కాపాడలేదు. ఆ సగం స్థానాలు జాగీరున్నవాడికి, వకాలతు ఉన్నవాడికి, వర్తకం ఉన్నవాడికి. బందగీకి ఉన్నది కొద్దిపాటి చెలక, దాని మీద ఒక వ్యాజ్యం. మతం పేరుతో ఇచ్చిన సమానత ఆ మతంలోని పేదవాడి దాకా ఎందుకు రాలేదో అడిగితే, గదులు కట్టిన పద్ధతిలోనే జవాబు ఉంది.

అదే 1940లో నల్లగొండ జిల్లా మల్కాపురంలో ఏడో ఆంధ్ర మహాసభ జరిగింది. ఈ సంస్కరణలను ఏం చేయాలన్న ప్రశ్న మీద అక్కడ తీవ్రమైన వాదోపవాదాలు నడిచాయి. ఇచ్చినంత తీసుకొని లోపలికి వెళ్లి ఇంకా అడుగుదామన్నవారు ఒక వైపు, అధికారం లేని సభలోకి వెళ్లడమంటే దానికి ఒప్పుకోలు ముద్ర వేయడమేనన్న రావి నారాయణరెడ్డి గారి వైపువారు ఇంకొక వైపు. మితవాదుల్లో చాలామంది నిజాయితీపరులే. అనుమతి లేనిదే పదిమంది ఒకచోట చేరలేని రోజుల్లో ఏ చిన్న వేదికనైనా వదులుకోకూడదన్న వారి ఆత్రం నాకు అర్థమవుతుంది. అయినా నేను ఆనాడు ఆ పందిట్లో ఉంటే రెండో వైపే చేయెత్తేవాణ్ణి. 1892 నుంచి 1909 దాకా, 1909 నుంచి 1919 దాకా సామ్రాజ్యం ఇచ్చిన ప్రతి మెట్టు మీదా ఒకే షరతు ఉంది. ఎవరు ఎవరి తరఫున మాట్లాడాలో మేమే నిర్ణయిస్తాం అన్నది ఆ షరతు. దాన్ని తాకని సంస్కరణ ఏదైనా కుర్చీల సంఖ్యను మారుస్తుందే తప్ప సంగతిని మార్చదు.

ఈ వాదనల్లో నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. సిమ్లాలో ఐదుగురు అధికారులు దస్త్రం మీద రాసుకున్న ప్రశ్నే ఇది. అదే ప్రశ్నను ఒక మూడు దశాబ్దాల తర్వాత మన ఊరి పందిరి కింద, తెలుగులో, బండ్లు కట్టుకొని వచ్చిన రైతులు వింటూ ఉండగా చర్చించారు. మరుసటి ఏడాది చిలుకూరు సభకు రావి నారాయణరెడ్డి గారే అధ్యక్షులు. 1944 భువనగిరి సభ నాటికి మితవాదులు విడిపోయారు. యుద్ధం వల్ల ఆలస్యమైన ఎన్నికలు 1946లో పెట్టినప్పుడు స్టేట్ కాంగ్రెస్ బహిష్కరించింది. 1947 ఫిబ్రవరిలో కూర్చున్న ఆ సభను మా ఊళ్లో ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. ఆ ఏడాది నాటి సంగతులు అడిగితే పెద్దవాళ్లు రజాకార్ల గురించీ, దళాల గురించీ చెప్పేవారు.

మా ఊరికి ఓటు వచ్చింది 1952 ఎన్నికలతో. బూర్గుల వారు ముఖ్యమంత్రి అయ్యారు, సురవరం వారు వనపర్తి నుంచి శాసనసభకు వెళ్లారు, నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి గారు నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు గెలిచారు. ఆ రోజు సంగతి నాయనమ్మ రెండు మూడు సార్లు చెప్పింది. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు. తెర వెనుకకు పోయి మనకు కావలసిన పెట్టెలో కాగితం వేసి రావాలి. వరుసలో తన ముందు దొరగారింటి కోడలు, ఆమె ముందు ఊరి చాకలి ఎల్లమ్మ నిలబడ్డారట. పోలింగు గుమాస్తా పేరు అడిగినప్పుడు తాత ముందుకొచ్చి చెప్పబోతే ఆయన ఆపి, ఆమెనే చెప్పమన్నాడట. ఆ పేరు పట్టికలో వెతికి, వేలికి సిరా రాసి, కాగితం చేతిలో పెట్టాడు. బయటికొచ్చాక తాత ఏ పెట్టెలో వేశావని అడిగితే చెప్పలేదట. ఆ మాట చెప్పినప్పుడల్లా ఆమె కొంగుతో మూతి తుడుచుకొని నవ్వేది. నేను అడిగినా చెప్పలేదు.